తెగులు గది

నిమ్మ మొక్కలకు తెగులు అంటించే పురుగులను పరిశోధన కోసం పెంచడం ఆమె ఉద్యోగం. ఆవగింజంత పురుగులు. తెగులు సూక్ష్మక్రిమి ఒంట్లో చేరిందంటే ఆ పురుగుకు ఎంత తిన్నా ఆకలి తీరదు. గుడ్లు కుప్పలుగా పెడుతుంది, తొందరగా చస్తుంది. చచ్చేలోపు జబ్బు మొక్కను వదిలి మంచి మొక్కను వెతుక్కుంటూ పోతుంది.

"అలా వెతుక్కుంటూ పోయేది పురుగు కాదమ్మా, దాని లోపలున్నది," అనేవాడు పెద్ద సారు.

ఆ రాత్రి గదిలో ఆమె ఒక్కతే. ఫ్యాను రొద తప్ప చప్పుడు లేదు. చెయ్యి పెడితే చెదిరిపోవాల్సిన పురుగులు కొన్నాళ్లుగా బెదరడం లేదు. ఆమె కూడా ఒక మొక్కే అయినట్టు వేళ్ల మీదికి ఎక్కి కూర్చుంటున్నాయి.

భర్త ఫోన్ చేశాడు. "తిన్నావా?"

"తెచ్చుకున్నదంతా ఊడ్చేశాను. ఇంకా ఆకలేనండీ."

"కవలలాయె, ముగ్గురి తిండి కావాలి మరి. ఇన్నేళ్లకు కడుపు పండింది. కడుపు నిండా తిను."

అతని గొంతు నిండా సంతోషం. అద్దంలో రోజురోజుకీ పాలిపోతున్న తన ముఖం సంగతి ఆమె ఎలాగైనా చెప్పేద్దామనుకుంది. నోట్లోంచి వేరే మాట వచ్చింది.

"చెల్లి ఇంటికి వెళ్తున్నాను."

"ఈ వేళప్పుడా? మీ ఇద్దరికీ మాటల్లేక ఏళ్లయిందిగా."

"చూడాలనుంది. దాన్నీ, పిల్లల్నీ. అందరూ నిక్షేపంలా ఉన్నారట."

ఫోన్ పెట్టేసింది. వెళ్లకూడదు, వెళ్లకూడదు అని ఏడుస్తూనే చెప్పులేసుకుంది.