పన్నెండో రాజీనామా

పదకొండు రాజీనామాలూ మేష్టారి చేతికొచ్చాయి.

ఆయనా ఇంజినీరే. టీములో ప్రతి ఒక్కరికీ ఓనమాలు దిద్దించింది ఆయనే గనక అందరూ మేష్టారనే పిలుస్తారు.

రేపు కంపెనీ చేతులు మారుతుంది. సంతకాలే తరువాయి.

పదిరోజుల కిందట బాసు ఆయన్ని గదిలోకి పిలిచి గంటసేపు తలుపేసుకున్నాడు. బయటికొచ్చింది మొదలు మేష్టారిది ఒక్కొక్కరి చెవినా ఇదే పాట.

"కొనేవాళ్లకి కావలసింది మనం. ఈ గోడలూ కుర్చీలూ కాదు. అందరం ఒక్కసారి కాగితాలు మొహాన కొడితే బేరం గోవిందా! బాసు మనతో కాళ్లబేరానికొస్తాడు."

నమ్మకపోవడానికేముంది? ఆయన కడుపుమంట ఎవరికి తెలియదు? మూడేళ్ల కిందట టీములోని పొడుగాయన పరీక్షించకుండా పంపిన కోడుకి సర్వర్లు రోజంతా పడుకున్నాయి. బాసు మేష్టారి మీద విరుచుకుపడ్డాడు. "నీకు కంప్యూటరెందుకయ్యా, పలకివ్వాలి!" అన్నాడు అందరి ముందూ. రావలసిన పెద్ద పదవి కాస్తా పోయింది. తప్పు ఆయనది కాదని గదిలో అందరికీ తెలుసు. అయినా బాసు ముందు నోరెత్తేదెవరు?

"ఇంకా ఆ సంగతి మరిచిపోలేదా మీరు?" అని ఈ ఉదయం కూడా భార్య అడిగింది, భోజనం డబ్బా అందిస్తూ.

"రోజూ ఆ మొహాలే చూస్తూ ఎలా మరిచిపోతానే?"

ఇప్పుడు మేష్టారు కాగితాలు సర్దుకుని లేచాడు. "మీరు కిందికెళ్లి టీ తాగండి. నాదీ కలిపి ఇచ్చొస్తా."

"జాగ్రత్త మేష్టారూ, మళ్లీ నోరు పారేసుకుంటాడేమో" అంది కళ్లజోడమ్మాయి.

"ఈసారి నోరు పెగలదులే."

అందరూ గొల్లున నవ్వారు. పొడుగాయన "మా మేష్టారంటే మేష్టారే!" అని భుజం తట్టాడు. ఆ చేతివైపు ఓ క్షణం చూసి మేష్టారు బాసు గదిలోకి వెళ్లాడు.

బాసు ఒక్కొక్క కాగితమే చదివాడు. నిజంగానే నోరు పెగల్లేదు. కళ్లు చెమర్చాయి. లేచి రెండు చేతులూ జోడించాడు.

"ఆ రోజు నిన్ను అన్యాయంగా తిట్టానయ్యా. క్షమించు."

కింద టీ దగ్గర నవ్వులు కిటికీలోంచి వినిపిస్తున్నాయి.

"వాళ్లంతట వాళ్లే పోతున్నారు గనక ఏడాది జీతమిచ్చి సాగనంపే పని తప్పింది, కొనేవాళ్లు ఒక్క ఇంజినీరు చాలన్నారు, దానికి నేనున్నాను" అన్నాడు మేష్టారు కిటికీ మూస్తూ, "ఇక క్షమాపణంటారా, ఆ రోజు తిట్టింది మీరొక్కరే సార్, తెలిసీ నోరు మూసుకున్నది పదకొండుమంది."