తాగని కసాయి

"చెవులు పట్టుకోండ్రా! వదలకండి!"

కార్నెల్ అరుపు పూర్తికాకముందే పంది ఎగిరి తన్నింది. గొంతులో దిగాల్సిన కత్తి భుజంలో దిగింది. రెండు వందల కిలోల జంతువు ముగ్గురు మగాళ్లను మంచులో దొర్లించి, రక్తం చిమ్ముకుంటూ పెరడంతా పరుగెత్తింది. అడ్డం వెళ్లిన ఒకడి మోకాలు పటుక్కుమంది. వాడి కేకా పంది కేకా కలిసిపోయాయి.

ఓటిలియా రక్తం పట్టే బాన పట్టుకుని అలాగే నిలబడిపోయింది. ఆమె చూపు పంది మీద లేదు. తమ్ముడు కార్నెల్ చేతుల మీద ఉంది. అవి వణుకుతున్నాయి.

"చెప్పానా?" అంది కంచె దగ్గర ఒక ముసలామె. "చుక్క పడకుండా పందిని కోసినవాడు ఈ టాట్రా కొండల్లో ఇంకా పుట్టలేదు. తాగని కసాయి కోసిన మాంసం నిలవుండదు. ముందిచ్చిన నా డబ్బులు నాకిచ్చెయ్యవే, ఓటిలియా."

"మాకూ అంతే" అన్నారు వెనకున్నవాళ్లు.

మిల్లు వెనక పాత బడిలో ఓటిలియా నడిపే ఆశ్రమంలో పదకొండు మంది ఉన్నారు. తాగుడు మానాలనుకున్నవాళ్లు కొందరు, మనసు చెదిరి వచ్చినవాళ్లు కొందరు. బాయిలర్ పగిలి పది రోజులైంది. అందరూ కోట్లతోనే పడుకుంటున్నారు. ఒక రైతు పందిని ఊరికే ఇచ్చాడు. దాన్ని కోసి, మాంసమూ సాసేజీలూ ఊరికి అమ్మి, కొత్త బాయిలర్ కొనాలి. కోసేది కార్నెల్. సారా లేని పంది కోత అని గోడకు కాగితం అంటించిన నాటి నుంచీ ఊరంతా నవ్వుతూనే ఉంది.

కార్నెల్ తాగుడు మాని పద్నాలుగు నెలలు. చివరిసారి తాగిన రోజు ఇదే కత్తితో తన మణికట్టే కోసుకున్నాడు. ఓటిలియా తన ఏప్రన్ చింపి కట్టు కట్టింది. ఆశ్రమం తలుపు మీది నియమం అతను రాసిందే: ఒక్క చుక్క తాగితే సంచి బయట.

పందిని మళ్లీ తాళ్లతో బిగించారు. పట్టుకోవడానికి మాత్రం ఎవరూ ముందుకు రాలేదు.

"కసాయి గ్లాసెత్తనిదే మేం చెయ్యి వెయ్యం" అన్నాడు ఒకడు. "మా ప్రాణాలు తీస్తాడా ఏంటి?"

అప్పుడు కదిలాడు కట్టెలు కొట్టే వెండెల్. ఊళ్లో అందరికన్నా పెద్ద గొంతు, పెద్ద తాగుబోతు అని పేరు. పొద్దుట్నుంచీ చొక్కా లోపల్నుంచి పొట్టి సీసా తీయడం, గుక్క వేయడం, మళ్లీ లోపల పెట్టుకోవడం. గేటు దగ్గరే ఓటిలియా అడ్డుకుంటే, "నా చొక్కాలోది నీ పెరట్లో ఉన్నట్టెలా అవుతుంది, ఓటిలియమ్మా?" అన్నాడు. పక్కవాడు గుక్క అడిగితే చేతి మీద ఒక్కటిచ్చాడు. "నా పెళ్లాన్నయినా పంచుకుంటా గానీ దీన్ని పంచుకోను!"

ఇప్పుడతను సీసా పైకెత్తి అందరికీ చూపించాడు.

"చెరువు గడ్డకట్టింది. బావి గడ్డకట్టింది. మా ఆవిడ మొహం పెళ్లినాడే గడ్డకట్టింది. ఈ చలికి గడ్డకట్టనిది మన ప్లమ్ సారా ఒక్కటే! తాగరా కార్నెల్, మీ కసాయి తాత పేరు నిలబెట్టు!"

పెరడు గొల్లుమంది.

"వద్దు తమ్ముడూ" అంది ఓటిలియా. "మాంసం పోతే పోనీ."

"అక్క కొంగు చాటు కసాయి!" అరిచాడు వెండెల్. "గౌనొకటి తెచ్చివ్వండ్రా వీడికి!"

కార్నెల్ మొహం కందిపోయింది. వెండెల్ నింపిచ్చిన గ్లాసు లాక్కుని ఒక్క గుక్కలో మింగాడు. ఒక్క క్షణం వెండెల్ కళ్లలోకి చూస్తూ ఉండిపోయాడు. ఆ తర్వాత కళ్లనీళ్లొచ్చేదాకా దగ్గాడు.

"మండిందా?" వెండెల్ వీపు మీద చరిచాడు. "మండాలి మరి!"

జనం ఈలలు వేశారు. నలుగురు పందిమీద పడ్డారు. ఈసారి కార్నెల్ చెయ్యి వణకలేదు. కత్తి పిడిదాకా దిగింది. రక్తం వేడిగా బానలోకి దూకింది. ఓటిలియా ఏడుస్తూనే అది పేరుకోకుండా తెడ్డుతో కలిపింది. పంది కాళ్లు కొట్టుకోవడం ఆగాక బాన కిందపెట్టి, నేరుగా వెండెల్ దగ్గరికి నడిచింది.

మొదటి దెబ్బ నోటి మీద పడింది.

"పద్నాలుగు నెలలురా!"

రెండోది చెవి మీద. మూడోదానికి తెడ్డు విరిగింది. వెండెల్ చెయ్యి అడ్డం పెట్టుకోలేదు. మోకాళ్ల మీద పడ్డాడు. చొక్కాలోంచి సీసా జారి రాళ్ల మీద భళ్లున పగిలింది.

"నీ నోట్లో మట్టి పడ! వాణ్ణి మళ్లీ చంపావు కదరా!"

వెండెల్ ఒక పన్ను మంచులో ఉమ్మాడు. "చేతిలో బలముంది, ఓటిలియమ్మా. ముందు ఆ రక్తం కలుపుకో, పాడైపోతుంది."

మధ్యాహ్నానికి తోకతో సహా అమ్ముడైపోయింది. బాయిలర్‌కి సరిపడా వచ్చింది. చేతులు కడుక్కుంటున్న తమ్ముడి పక్కన ఓటిలియా సంచి పెట్టింది.

"అక్కా, ఒక్క మాట..."

"నియమం రాసింది నువ్వే."

కార్నెల్ నోరు తెరిచాడు. కొన్న సాసేజీల కోసం ఇంకా నిలబడి ఉన్న జనం అవతల, వాచిన మూతితో వెండెల్ తల అడ్డంగా ఊపాడు. కార్నెల్ నోరు మూసుకుని సంచి భుజాన వేసుకున్నాడు.

ఓటిలియా అటు చూడలేకపోయింది. లోపలున్న పదిమందిలో ఎవరి ముక్కుకూ సారా వాసన తగలకూడదని చీపురు తీసుకుని రాళ్ల దగ్గర కూర్చుంది. ఒక గాజు పెంకు తీయబోయింది. అది ఊడి రాలేదు. ఏ వాసనా లేదు.

సీసాలోంచి ఒలికిందంతా గడ్డకట్టి ఉంది.