రాజమ్మ జబ్బు

బందరు ఆసుపత్రిలో ఎచ్‌ఐవీ మందులిచ్చే గది ముందు చెల్లెలు భవిత కనబడేసరికి కాంతారావు కాళ్లు అక్కడే ఆగిపోయాయి.

కారు రిపేరులో ఉంటే బస్సెక్కి అతను వచ్చింది కాలు విరిగి మంచమెక్కిన పాలేరును చూడటానికి.

"ఏంటే ఇది? ఇక్కడేం చేస్తున్నావు?"

భవిత నోరు విప్పేలోగా పక్కనున్న రాజమ్మ అడ్డం వచ్చింది. ఆమె చేతిలో మాత్రల డబ్బా ఉంది.

"నేనే తీసుకొచ్చానండీ. ఒక్కదాన్నే రాలేక తోడు రమ్మన్నాను."

"మందులు నీకా?"

"నాక్కాకపోతే మీకా?"

రాజమ్మ వాళ్ల ఊరి బడిలో వంట చేస్తుంది. వెనకా ముందూ ఎవరూ లేని మనిషి. నోరు మాత్రం పెద్దది. భవిత భర్త పోయాక అన్న ఇంటికి చేరింది. ఆ ఇంట్లో వంటా వార్పూ ఆమెదే.

తిరుగు బస్సులో రాజమ్మ పక్కన కూర్చోబోతున్న చెల్లెల్ని కాంతారావు చెయ్యి పట్టి లాగాడు.

"ఎయిడ్స్ మనిషి పక్కన కూర్చుంటావా? బుద్ధుందా?"

బస్సంతా వెనక్కి తిరిగి చూసింది.

"ఇంకాస్త గట్టిగా చెప్పండి. డ్రైవరుకు వినబడలేదేమో," అంది రాజమ్మ. "జబ్బు మనిషికుంటుంది గానీ సీటుకు అంటుకోదండీ."

ఎవరూ ఆమె పక్కన కూర్చోలేదు. చీకటి పడేలోగా సంగతి ఊరంతా తెలిసిపోయింది.

మర్నాడు కాంతారావు బడికి వెళ్లాడు.

"ఆ చేత్తో వండింది పిల్లలు తినాలా మాస్టారూ?"

"వంట వల్ల రాదండీ. ఆ ముక్క పాఠాల్లో మేమే చెప్తున్నాం."

"అయితే బందర్లో చదివే మీ పిల్లల్ని తెచ్చి ఇక్కడ తినిపించండి ముందు."

హెడ్మాస్టరు తల దించుకుని రిజిస్టరు తెరిచాడు. వారం తిరక్కుండా రాజమ్మ చేతిలోంచి గరిటె పోయింది.

భవిత అన్నకు అన్నం వడ్డిస్తూ ఉండబట్టలేక అంది.

"తప్పు చేశావన్నయ్యా. మందులు సరిగ్గా వేసుకుంటే ఆ జబ్బుతో ఎన్నేళ్లయినా బతకొచ్చు. పక్కన కూర్చుంటేనో, వండి పెడితేనో ఎవరికీ రాదు."

"ఎవరు చెప్పారు?"

"ఆసుపత్రిలో చెప్పారు."

"ఇంకోసారి ఆసుపత్రి పేరెత్తావంటే కాళ్లు విరగ్గొడతాను. పప్పుచారు పొయ్యి."

ఆ తర్వాత రాజమ్మ ఒక్కతే బందరు వెళ్లి వచ్చేది. బస్సులో ఆమె ఉన్న వైపు ఎవరూ కూర్చునేవారు కారు. "హాయిగా కాళ్లు చాపుకుని వచ్చాను," అనేది వీధిలో అందరికీ వినబడేలా.

బడి పోయాక ఆమె చేను పనికి దిగింది. ఊరి చివర మినుము పీకుతుండగా రక్తపింజరి కాటేసింది.

భవిత పరిగెత్తుకుంటూ ఇంటికొచ్చింది.

"అన్నయ్యా, కారు తియ్యి! రాజమ్మ పిన్నిని పాము కరిచింది. అంబులెన్సు ఎక్కడో దూరంలో ఉందంట."

కాంతారావు చదువుతున్న పేపరు మడిచాడు.

"రక్తం కారుతోందా?"

"కారుతోంది. తొందరగా రా!"

"ఆ రక్తం నా కార్లోనా?"

"మనిషి చచ్చిపోతుందిరా!"

పుట్టి బుద్ధెరిగాక అన్నను ఆమె 'రా' అనడం అదే మొదలు.

కాంతారావు బల్ల మీది తాళాలు తీసి జేబులో వేసుకున్నాడు.

"ఎలాగూ పోయే మనిషేగా," అన్నాడు.

భవిత మళ్లీ చేలోకి పరిగెత్తింది. జనం గట్టు మీద దూరంగా నిలబడి చూస్తున్నారు. ఒక్కరూ చెయ్యి వెయ్యలేదు. ఊళ్లో సూదులు వేసే ఆర్‌ఎంపీ వచ్చాడు గానీ, కరిచింది ఎవరినో తెలిశాక బ్యాగు కూడా తెరవలేదు.

"మీరూ మనుషులేనా!" అని అరిచింది భవిత. కొందరు మొహాలు తిప్పుకున్నారు. కొందరు సెల్‌ఫోన్లు తీశారు.

పొరుగూరి ట్రాలీ ఆటో ఒకటి అటుగా వచ్చి ఆగేదాకా రాజమ్మ మట్టిలోనే పడి ఉంది. డ్రైవరూ భవితా కలిసి ఆమెను ఎత్తి పడుకోబెట్టారు.

దారిలో రాజమ్మ భవిత చెయ్యి గట్టిగా పట్టుకుంది. చిగుళ్ల నుంచి రక్తం వస్తోంది.

"ఏడవకు. నోరు మూసుకుని ఉండు. తెలిసిందా?"

ఆ తర్వాత ఆమె మాట్లాడలేదు.

చెల్లెల్ని ఇంటికి లాక్కొద్దామని కాంతారావు ఆసుపత్రికి వెళ్లేసరికి అంతా అయిపోయింది. డాక్టరమ్మ మండిపడుతోంది.

"పింజరి కరిచిన మనిషిని చేలో పడేసి ఇంతసేపు ఏం చూస్తున్నారయ్యా?"

"ఆమెకు ఎయిడ్స్ అండీ," అన్నాడు కాంతారావు గొంతు తగ్గించి.

"అయితే? పాము కరిస్తే చావాలని రాసుందా? అలాంటి వాళ్లకు రోజూ వైద్యం చేస్తున్నాం మేము. మీకు చేతులు రాలేదా?"

కాంతారావు బల్ల మీద కూర్చున్న చెల్లెలి దగ్గరికి నడిచాడు. ఆమె చీర నిండా రక్తం.

"పద. ఇంటికెళ్లగానే తలస్నానం చెయ్యి. అప్పటిదాకా పిల్లల్ని ముట్టుకోకు."

భవిత లేచి నిలబడింది. నలుగురూ వింటున్నారని తెలిసే గొంతెత్తింది.

"మా ఆయన పోయింది జ్వరంతో కాదన్నయ్యా. ఈ జబ్బుతో. పోతూ పోతూ నాకిచ్చిపోయాడు. నాలుగేళ్లుగా నీకూ నీ పిల్లలకూ అన్నం వండి పెడుతున్న చేతులివి. ఒక్కరికైనా ఏమైనా అయిందా?"

కాంతారావు ఒక అడుగు వెనక్కి వేశాడు.

"నన్ను నువ్వు బస్సెక్కనివ్వకపోతే నా మందులు పిన్నే వెళ్లి తెచ్చింది. బడిలోంచి తీసేస్తుంటే నిజం చెప్పేస్తానన్నాను. 'చెబితే మీ అన్న నిన్ను వీధిలోకి గెంటేస్తాడు, ఊరుకో' అంది. నేను ఊరుకున్నాను."

"మరి... రాజమ్మకు?"

"పిన్నికి ఏ జబ్బూ లేదు."