తీతువు కుంటింది

చెరువుగట్టు బడిలో ఇకమీదట ఆటలూ నాటకాలూ ఉండవని కొంగ మాస్టారు తల్లిదండ్రులను పిలిచి చెప్పాడు. ఆ వేళ కూడా పిల్లలు లెక్కలే చేస్తారట. బాతమ్మ, కముజుపిట్ట లోలోపల గొణుక్కున్నారు. తీతువు మాత్రం ఊరుకోలేకపోయింది. గూడంటూ లేక నేలమీదే పిల్లల్ని పెంచుకునే పిట్ట అది.

"పరుగూ నటనా రాకపోతే మా పిల్లలు బతకరు మాస్టారూ."

"ముందు చదువు రానీ అమ్మా, అవన్నీ వాటంతటవే వస్తాయి," అన్నాడు మాస్టారు.

అంతలో తుప్పల్లోంచి నక్క వచ్చింది. తీతువు పిల్లలు చటుక్కున పరుగెత్తి రాళ్ల మధ్య ఒదిగిపోయారు. మాస్టారి కొడుకు బిత్తరపోయి అక్కడే నిలబడిపోయాడు. నక్క వాడివైపే నడిచింది.

తీతువు ఒక రెక్క నేలకీడుస్తూ, మూలుగుతూ నక్క కళ్లముందే కుంటింది. తేరగా దొరికిందనుకుని నక్క వెంటపడింది. దాన్ని గట్టు అవతలిదాకా తీసుకుపోయి తీతువు తుర్రున ఎగిరొచ్చింది.

"రెక్క విరిగిందా అమ్మా?" అడిగాడు మాస్టారు.

"లేదు మాస్టారూ. నా చిన్నప్పుడు ఈ బడిలోనే నేర్పారు."

వెనకాల మాస్టారి కొడుకు ఒక రెక్క ఈడ్చుకుంటూ కుంటడం మొదలుపెట్టాడు. ఆపమనబోయిన మాస్టారు వాడికి చోటిస్తూ పక్కకు జరిగాడు.