కుదిరిందా?

“ఆగండి సార్! ముల్లు మళ్ళీ జరిగింది.”

ఆశా కేకకు, రిపేరుకని చింతామణి నుంచి వచ్చిన ఆనంద్‌కుమార్ ఇరుసు తిప్పడం ఆపాడు. కొలత గడియారంలో ముల్లు గీత దాటి నిలబడింది. టర్బైన్ ఇరుసూ గేర్‌బాక్సు ఇరుసూ ఒకే వరసలో ఉండాలి. ఇవేమో ఎడమొహం పెడమొహంగా ఉన్నాయి.

మంచేనహళ్ళి దగ్గరి ఆ చక్కెర మిల్లులో కిందటి వారం టర్బైన్ అదిరి అదిరి బేరింగు కాలిపోయింది. గేటు బయట చెరకు లారీలు బారులు తీరాయి. రిపేరు బాధ్యత మొదటిసారి ఆశా మీద పడింది. ఈసారీ అదిరిందంటే ఆమెను టర్బైన్ హాల్లోంచి తీసి స్టోర్సులో కూర్చోబెడతానని చీఫ్ ఇంజినీరు గంగాధరప్ప అందరి ముందూ అన్నాడు. అన్నంత పనీ చేసే మనిషి.

ఫోన్ మోగింది. చాకవేలు నుంచి నాయన నంజప్ప. ఇదే మిల్లులో బాయిలరు దగ్గర పనిచేసి రిటైరయ్యాడు. మిల్లు కబురంటే చెవి కోసుకుంటాడు.

“పొద్దున మీ అమ్మ చెప్పిందే, చింతామణి ఆనంద్‌కుమార్, వచ్చినాడా?”

పొద్దున అమ్మ ఫోన్లో ఏం చెప్పిందో, గ్రైండరు మోతలో ఆశాకు ఒక్క ముక్కా వినపడలేదు.

“వచ్చినాడప్పా. ఇద్దరం దీంట్లోనే ఉండాము.”

“కుదురుతుందా?”

“యాడ కుదిరేది! ఎత్తులోనే తేడా ఉండాది.”

“కొంచెం ఎత్తు తేడా ఉంటే ఏమైతాదమ్మా? సర్దుకుంటే పోలా?”

“ఆ కొంచెమే కొంప ముంచేది. నీకు తెలీదు, ఊరకుండప్పా!”

బాయిలర్లోకి చెరకు పిప్పి తోసినంత సులువనుకున్నాడు కాబోలు అని విసుక్కుంటూ ఫోన్ పెట్టేసింది.

“మీ అప్పనా మేడం?” తల ఎత్తకుండానే అడిగాడు ఆనంద్‌కుమార్.

“ఆఁ. నాకంటే ఆయనకే ఎక్కువ కంగారు.”

అతను ఏదో అనబోయి, స్పానరు అందుకున్నాడు. గేర్‌బాక్సు పాదం కింద నుంచి కాగితమంత పలచటి రేకు ఒకటి లాగి, బోల్టులు బిగించి, మళ్ళీ తిప్పాడు. ముల్లు ఈసారి కావలసిన చోటే నిలిచింది. అయినా ఆశాకు నమ్మకం చిక్కలేదు.

మళ్ళీ నాయన.

“ఇప్పుడన్నా చెప్పమ్మా. పాపం, వాళ్ళు అడుగుతాండారు.”

ఎండిపోతున్న చెరకూ, లారీల దగ్గర కూలబడిన రైతులూ గుర్తొచ్చినా ఆశా పట్టు విడవలేదు.

“తొందరపెట్టొద్దప్పా. చల్లగా ఉన్నప్పుడు అంతా బాగానే ఉంటుంది. వేడెక్కితేనే అసలు గుణం బయటపడేది.”

“అదీ నిజమే. బాగా చూసుకొనే చెప్పు తల్లీ. ఆనక విప్పుకొనేది కష్టం.”

ఆవిరి వదిలారు. ఇరుసు ముక్కి మూలిగి కదిలింది. గంగాధరప్ప వచ్చి చేతులు కట్టుకుని నిలబడ్డాడు. వేగం పెరిగే కొద్దీ అదురు చూపే ముల్లు పైపైకి ఎగబాకింది. అయిపోయింది, ఇక స్టోర్సులో నట్లు ఏరుకోవడమే! ఆశా ముక్కోటి దేవుళ్ళకూ మొక్కేసింది. ముల్లు ఎర్ర గీత దగ్గర తారాడింది. తారాడి, మెల్లగా దిగింది. దిగి అక్కడే ఉండిపోయింది.

గంగాధరప్ప బేరింగు పెట్టె మీద అరచెయ్యి ఆనించి చూశాడు.

“పర్వాలేదమ్మా. నీ చోటు నీదే,” అని వెళ్ళిపోయాడు.

ఆశాకు ఏడుపూ నవ్వూ కలిసి తన్నుకొచ్చాయి. ఫోన్ మోగడమే ఆలస్యం, టర్బైన్ హోరును మించి అరిచింది.

“కుదిరిందప్పా! బ్రహ్మాండంగా కుదిరింది! ఆనంద్‌కుమార్ బంగారం లాంటి మనిషి!”

“అయితే పిల్లోడింటోళ్ళకి లగ్నం పెట్టమని చెప్పేస్తానమ్మా!”