మూడు రాష్ట్రాల రాయి

"ఆ కుడికాలు ఇలా పెట్టు" అంటూ సర్వేయరు కారు పక్కన గొంతుక్కూర్చుని భార్య చీలమండకు కట్టు బిగించాడు.

"మెల్లగా. అది నా కాలు, మీ కొలతల గొలుసు కాదు."

"సరిగ్గా కారు దిగేటప్పుడే బెణకాలా?"

"మిమ్మల్ని అడిగి బెణుకుతుందా మరి?"

కొండ మీద మూడు రాష్ట్రాల సరిహద్దులు కలిసే చోట ఒక రాయి ఉంది. ఉద్యోగంలో చేరిన కొత్తలో ఆయన తన చేతులతో పాతిన రాయి. దాని కథ విని విని వాళ్ళింట్లో గోడలకు కూడా కంఠతా వచ్చేసింది. రిటైరైన దగ్గర్నుంచీ ఆయనది ఒకటే కోరిక, భార్యను వెంటబెట్టుకెళ్ళి ఆ రాయి చూపించాలని. పైదాకా రోడ్డు లేదు, కాలిబాటే.

"పోనీ నువ్వు కార్లో కూర్చో. నేనొక్కణ్ణే ఎక్కొస్తా."

"బాగుంది. ఇన్నేళ్ళు ఊరించి తీరా వచ్చాక వదిలేస్తారా? నేనూ వస్తా."

"నాదేముంది, పరిగెత్తుకుంటూ ఎక్కేస్తా. మొన్న డాక్టరు కూడా గుండె భేషుగ్గా ఉందన్నాడు. నీ కాలితోనే వచ్చింది చిక్కంతా."

మొన్న ఆ డాక్టరు ఆయన్ని బయట కూర్చోబెట్టి ఆవిడతో కాసేపు విడిగా మాట్లాడాడు. మాత్రలు ఎలా వాడాలో చెప్పాడంతేనని ఇంటికొచ్చాక ఆవిడ అంది.

ఎక్కడం మొదలుపెట్టారు. నాలుగడుగులు వేయగానే ఆవిడ "అబ్బా, కుడికాలు" అని కూలబడేది. ఆయన విసుక్కుంటూ పక్కన కూర్చునేవాడు. కూర్చున్నాక ఊపిరి కుదుటపడడానికి ఆయనకే ఎక్కువసేపు పట్టేది.

"నీ వల్లే ఆలస్యం."

"అవునండీ, నా వల్లే" అనేది ఆవిడ.

సగం కొండ ఎక్కేసరికి బాట పక్కన ఒక రాయి కనిపించింది. పశువుల్ని కట్టేయడానికి ఎవరో పాతింది.

"ఇక నా వల్ల కాదు" అంటూ ఆవిడ దానికి చేరగిలబడింది. "ఏమండీ, ఇదేనా మీ రాయి?"

సర్వేయరు తలెత్తి చూశాడు. దూరంగా, కొండ కొమ్మున ఆయన రాయి చుక్కలా కనిపిస్తోంది. ఇంత దాకా మళ్ళీ రాగలడో లేదో ఆయనకే తెలియదు. భార్య కాలి వంక చూశాడు.

"ఇదే" అన్నాడు. సర్వీసు మొత్తంలో ఆయన చెప్పిన తప్పు కొలత అదొక్కటే.

ఆవిడ మొహం విప్పారింది. కుంటుకుంటూ రాయి చుట్టూ తిరిగింది.

"ఇప్పుడు నేను ఏ రాష్ట్రంలో ఉన్నట్టు?"

"పక్క రాష్ట్రంలో."

"హాయిగా ఉంది. మనిల్లు ఇక్కడుంటే అలిగి ఒక్క అడుగేస్తే చాలు."

"మూడో రాష్ట్రంలోంచి నేను బతిమాలుతుంటా."

ఇద్దరూ నవ్వుకున్నారు. తరవాత ఆయన అటు తిరిగి కొండ కొమ్మునే చూస్తూ చాలాసేపు నిలబడ్డాడు.

"కట్టులో ఇసుక దూరింది, విప్పి దులుపుకుని కట్టుకుంటా" అంది వెనకనుంచి ఆవిడ. "మీరు నింపాదిగా చూడండి."

దిగేటప్పుడు ఆవిడ ఆయన భుజం వదల్లేదు. దారి పొడుగునా రాయిని మెచ్చుకుంటూనే ఉంది.

కారు దగ్గరికి రాగానే సర్వేయరు మందు డబ్బా తీసి మళ్ళీ గొంతుక్కూర్చున్నాడు. కట్టున్న కాలిని ఒళ్ళోకి తీసుకుని, ఉన్నట్టుండి ఆగిపోయాడు. కాసేపటికి తలెత్తి భార్య మొహంలోకి చూశాడు.

"బెణికింది ఈ కాలేనా?"

"ఇదే" అంది ఆవిడ.

ఆయన కట్టు విప్పి, మెత్తగా మందు రాసి, పసిపాప కాలికి కట్టినంత జాగ్రత్తగా మళ్ళీ కట్టాడు.

"ఇంటికెళ్ళాక" అన్నాడు, "ఆ మాత్రల సంగతి డాక్టరు ఏం చెప్పాడో నాకూ చెప్పు."

పొద్దున కుడికాలికి కట్టిన కట్టు, ఇప్పుడు ఎడమకాలికి ఉంది.