ఉమ్మడి పరీక్ష

“అధ్యక్షులవారి ఉమ్మి మనలో ఎవరి ఉమ్మితోనూ కలవలేదు,” అని మైకులో చదివేశాక గానీ, కార్యదర్శికి తాను ఏం చదివాడో అర్థం కాలేదు.

హాల్లో కుర్చీలన్నీ ఒక్కసారి కిర్రుమన్నాయి. ఆ సమావేశం ఒకే ఇంటిపేరున్న వాళ్ళ సంఘానిది. అందుకే అన్నయ్య, తమ్ముడు, బాబాయి, పెదనాన్న తప్ప వేరే పిలుపులు వినిపించవు. కార్యదర్శిని అందరూ మైకు బాబాయి అంటారు. ఆయన గొంతుకి మైకు దండగ. ఇవాళ ఆ దండగ కాస్తా దండన అయి కూర్చుంది.

అధ్యక్షుడు కళ్ళజోళ్ళ షాపాయన. ఊరందరి చూపూ సరిచేసే మనిషి, తన చూపు ఎక్కడ పెట్టుకోవాలో తెలియక గోడవైపు తిప్పాడు. గోడ మీద వంశవృక్షం. మూడు కొమ్మలు, బోలెడన్ని రెమ్మలు, అన్నిటికంటే పైన అధ్యక్షుడి హోదాలో ఆయన ఫొటో. ఎవరు ఏ కొమ్మవాళ్ళో వై డీఎన్ఏ పరీక్షతో తేల్చేద్దామని పుల్ల పెట్టింది ఆయనే. బుగ్గలోపల తిప్పి సీసాలో వేసి పంపాల్సిన ఆ దూదిపుల్లలు ఇంటింటికీ పంచిందీ ఆయనే. “తండ్రి నుంచి కొడుక్కి చెక్కుచెదరకుండా దిగేది ఇదొక్కటే. కలిసినవాడు కొమ్మ మీద, కలవనివాడు గుమ్మం బయట,” అని కిందటి సమావేశంలో చప్పట్లు కొట్టించుకున్నదీ ఆయనే.

“రూలు రూలే కదా అన్నయ్యా,” వెనక వరసలోంచి ఎవరో అన్నారు. “ఫొటో చేత్తో అందుతుందా, నిచ్చెన తెప్పించమంటావా?”

కొందరు నవ్వారు. నవ్వినవాళ్ళెవరూ ఆయన్ని చూడటం లేదు. ముందు వరసలో కూర్చున్న ఆయన తల్లిని చూస్తున్నారు. కొడుకు ఫొటో స్పష్టంగా కనపడాలని ఆవిడ కొత్త కళ్ళజోడు పెట్టుకుని వచ్చింది. కొడుకు చేసిచ్చిన కళ్ళజోడే.

ఆ చూపులు షాపాయన కంట పడ్డాయి. లేచి నిలబడ్డాడు.

“ఆగండి. ఆ పుల్ల నాది కాదు.”

ల్యాబ్ నుంచి వచ్చిన అమ్మాయి తలెత్తింది. “సీసా మీద మీ పేరే ఉంది సార్.”

“పేరు నాదే. ఉమ్మి మా తమ్ముడిది.”

తలలన్నీ మూడో వరసకి తిరిగాయి. తమ్ముడు లిఫ్టు మెకానిక్. రోజూ ఎందరినో పైకి పంపే మనిషి, కుర్చీలో కిందకి కిందకి దిగిపోతున్నాడు.

“ఎందుకురా?” అంది తల్లి. గొంతు పెంచలేదు.

షాపాయన నోరు ఎండిపోయింది. ఇప్పుడు పరీక్ష చేద్దామన్నా అందులో చుక్క ఉమ్మి దొరకదు. “అది కాదమ్మా... నాన్నేమో అంత పొడుగు, నేనేమో ఇంత. వాడైతే అచ్చు నాన్నే. చిన్నప్పుడు నన్ను ఎక్కడి నుంచో తెచ్చుకున్నారని అందరూ ఏడిపించేవాళ్ళు కదా. ఎందుకొచ్చిన గొడవ, ఒకవేళ...”

చెప్తున్నది తన చెవుల్లోనే పడి, మాట సగంలో మింగేశాడు. ఆ మింగిన సగాన్ని హాల్లో ఎవరికి వాళ్ళే పూర్తి చేసుకున్నారు.

“అంటే తేడా పెద్దవాడిలో కాదు, చిన్నవాడిలో అన్నమాట,” అన్నాడు మైకు బాబాయి. తనలో తనే అనుకున్నాడు గానీ, మైకు ఆపడం మరిచిపోయాడు.

షాపాయన కూర్చున్నాడు. గోడ మీద తన మొహం నిలబెట్టుకుందామని తమ్ముడికి మొహం లేకుండా చేశాడు. అమ్మ వైపు చూసే ధైర్యం లేక ఆవిడ చెప్పుల వైపు చూశాడు.

అప్పుడు తమ్ముడు లేచాడు. “బాబాయ్, ఆ ఉమ్మి నాది కూడా కాదు.”

“మరెవరిదిరా?”

“అన్నయ్య పుల్ల నా చేతిలో పెట్టి వెళ్ళాక ఆలోచనలో పడ్డాను. పెద్దవాడు కదా, మా ఇంటి సంగతి నాకు తెలియనిదేదో తనకి తెలిసే భయపడుతున్నాడు అనుకున్నా. అందరూ నన్ను అచ్చు నాన్నే అంటారు. అచ్చులో కూడా తప్పులు పడతాయిగా. అందుకని...” వెనక్కి చూశాడు. “నాది ఇవ్వనే లేదు. అన్నయ్యది బావ చేత తిప్పించా.”

బావ గుమ్మం దగ్గర నిలబడి ఉన్నాడు. వాళ్ళ అక్క మొగుడు. ఆ హాలు మొత్తానికి వేరే ఇంటిపేరున్న మగవాడు ఆయనొక్కడే.

“పళ్ళ పరీక్ష అన్నావు కదరా,” అన్నాడు నొచ్చుకుంటూ. “నా పళ్ళ రిపోర్టు ఇంకా రాలేదేమిటా అని రోజూ చూస్తున్నా.”

హాలంతా పళ్ళు బయటపెట్టింది. అల్లుడి ఉమ్మి అత్తారింటి ఉమ్మితో కలవకపోతే వింతేముంది. మైకు బాబాయి కూడా హమ్మయ్య అనుకుని కాగితం మడిచేశాడు. అన్నదమ్ములిద్దరే నవ్వలేదు. ఒకరి మొహం ఒకరు చూసుకోలేక ఇద్దరూ ఒకే గచ్చుని చూస్తున్నారు. జీవితంలో మొదటిసారి ఇద్దరిలోనూ ఒకే పోలిక కనపడింది.

“పర్లేదు సార్, పుల్లలు ఇంకా ఉన్నాయి,” అంది ల్యాబ్ అమ్మాయి. “ఇద్దరూ ఇప్పుడే ఇచ్చేస్తే సరిపోతుంది.”

ఇద్దరూ కదల్లేదు. తల్లి లేచింది. కళ్ళజోడు తీసి పెద్దకొడుకు చేతిలో పెట్టింది. “ఇది అక్కర్లేదురా. ఇప్పుడు బాగానే కనిపిస్తోంది.”

మెల్లగా ల్యాబ్ అమ్మాయి దగ్గరికి నడిచింది. “ముందు నా నోట్లో తిప్పమ్మా.”

“మామ్మగారూ, ఈ పరీక్ష మగవాళ్ళకేనండి. ఆడవాళ్ళకి కుదరదు.”

“అయితే తల్లికి కుదిరేదే చెయ్యి,” అంది ఆవిడ. “వీళ్ళిద్దరూ అసలు నేను కన్నవాళ్ళేనా అని ఇప్పుడు నాకే అనుమానంగా ఉంది.”